ఏడో నంబరు తొట్టి

మార్చి 3, సోమవారం

ఇవాళ్టి నుంచి నాకు ఉద్యోగం. జీతం లేదు, సెలవు లేదు, పైఅధికారి నా మనవరాలు.

మేడ మీద పన్నెండు తొట్లు పెట్టింది. ఒక్కోదాంట్లో ఊరి చివరి చిత్తడి నుంచి తెచ్చిన నీళ్ళు, ఎండిన జమ్ము ఆకు ఒక కట్ట, నాలుగు తెల్ల పలకలు, ఇరవై నత్తలు. బేసి సంఖ్య తొట్లకు ఎండ తగులుతుంది. సరి సంఖ్య తొట్ల మీద నల్లగుడ్డ. ఆమె వెతికేదల్లా ఒకే ప్రశ్నకు జవాబు: చిత్తడిలో నత్తలూ పురుగులూ దేన్ని తిని బతుకుతున్నాయి, కుళ్ళిన ఆకునా, పాచినా? ఎండలో ఉన్న పలకలకు పాచి పడుతుంది, నల్లగుడ్డ కింద పట్టదు. ఆకు మాత్రం రెండు చోట్లా ఉంది. ఎక్కడి నత్తలు బాగుంటాయో చూసి జవాబు చెప్పాలి.

ఆమె గురువుగారు (నేను గడ్డం సారు అంటాను) ముప్ఫై ఏళ్ళుగా కుళ్ళిన ఆకే తిండి అంటున్నారు. చిత్తడి నిండా జమ్ము నాటమని ఊరి పెద్దలకు సలహా కూడా ఇచ్చారట. అలా నాటితే నీళ్ళకు ఎండ తగలదు, పాచి పోతుంది, దాన్ని తినేవీ పోతాయి, వాటిని తినే చేపలూ పక్షులూ పోతాయి అని పిల్ల వాదన. ఏప్రిల్ మొదటివారంలోగా ఆయన్ని లెక్కలతో ఒప్పించాలి. ఒప్పుకోకపోతే నాలుగేళ్ళ చదువు మళ్ళీ మొదటికి.

ముప్ఫై ఎనిమిదేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని కూర్చోబెట్టి, ఇరవై దాకా లెక్కపెట్టగలనో లేదో పరీక్ష పెట్టింది. పాసయ్యాను. రోజూ ఉదయం ఆరింటికి లెక్కపెట్టాలి, రిజిస్టరులో రాయాలి, దేన్నీ ముట్టుకోకూడదు. నీళ్ళలో మూడు తోకల పురుగులు కూడా ఉన్నాయి. అవి కుదురుగా ఉండవు గనక వాటి లెక్క ఆమే చూసుకుంటుంది. నత్తలు మర్యాదస్తులు.

మార్చి 4, మంగళవారం

పన్నెండు తొట్లు, రెండు వందల నలభై నత్తలు. అందరూ హాజరు.

మార్చి 7, శుక్రవారం

ఎండ తొట్లలో పలకలు పచ్చబడ్డాయి. వేలు పెడితే జారిపోయేటట్టున్నాయి. పెట్టలేదు.

అల్లుడు డ్యూటీ నుంచి వచ్చి, మేడ మీద బట్టలారేసుకునే చోటు కూడా లేకుండా పోయిందని గొణిగాడు. సిటీ బస్సు కండక్టరు కదా, ఏం చూసినా సీట్ల లెక్కే. ఒక తొట్టిలోకి తొంగిచూసి, ఇరవై మందికి నాలుగు పలకలు చాలవు అత్తయ్యగారూ, నిలబడి ప్రయాణం చేస్తున్నారు పాపం అన్నాడు. నవ్వలేదు. కిందికి వచ్చాక నవ్వాను.

ఈ పాచిని చూస్తే నాకు చేతులు దురద పెడుతున్నాయి. అరవై ఏళ్ళుగా చేస్తున్న పని అది: పాచి కనిపిస్తే తోమడం. నీళ్ళతొట్టి, స్నానాలగది, పెరటి మెట్లు, పిల్లల పళ్ళు. ఇప్పుడు అదే పాచి పెరుగుతుంటే కాపలా కాయమంటున్నారు.

పిల్లకు ఇలాంటి మాటలు చెబితే పాఠం మొదలుపెడుతుంది. "ఆకు కుప్పగా కనిపిస్తుంది కాబట్టి అదే తిండి అనుకుంటారు అమ్మమ్మా. కుప్పలో సత్తువ లేదు. వెంట్రుకంత మందం ఉన్న పాచిలో ఉంది" అంది. బాగానే చెప్పింది. చెప్పేటప్పుడు చేతులు ఊపకుండా ఉంటే ఇంకా బాగుంటుంది.

మార్చి 11, మంగళవారం

రేపు గడ్డం సారు తొట్లు చూడడానికి వస్తున్నారు. పిల్ల చిత్తడికి వెళ్ళి ఇంకా రాలేదు. వాళ్ళమ్మకు, అంటే మా అమ్మాయికి, ఆసుపత్రిలో డ్యూటీ. ఇల్లంతా నేనే సర్దాను. కుర్చీల గలేబులు మార్చాను. మెట్లు కడిగాను.

మెట్లెక్కగానే ఎదురుగా ఉండేది ఏడో నంబరు తొట్టి. దాని అంచు మీద పచ్చటి జిగురు. ఇంటికొచ్చిన మనిషి మొదట చూసేది అదే. సాయంత్రం అయిదింటికి అంచు మాత్రం ఒకసారి తుడిచాను.

మార్చి 12, బుధవారం

సారు వచ్చారు. గడ్డం అనుకున్నంత పెద్దది కాదు. మంచి మనిషి, మెల్లగా మాట్లాడతారు, ఎదుటివాళ్ళు తప్పని మాత్రం ముందే తీర్మానించుకుని వస్తారు. రిజిస్టరు చూసి, ఇంత పొందికైన అంకెలు తన డిపార్టుమెంటులో ఎవరూ వెయ్యరని మెచ్చుకున్నారు. ఏడో తొట్టి దగ్గర ఆగి, ఇదొక్కటి భలే శుభ్రంగా ఉందే అన్నారు. నేను కాఫీ తేవడానికి కిందికి వచ్చాను.

అంచుతో పాటు రెండు పలకలు కూడా తుడిచాను. అంచుకు దగ్గరగా ఉన్నవే. కనక అంచులో భాగమే.

ఏడు: 20.

మార్చి 13, గురువారం

ఏడు: 18.

మార్చి 14, శుక్రవారం

ఏడు: 17. నత్తలకు మాత్రం వయసు మీద పడదా.

మార్చి 15, శనివారం

ఏడు: 15. మిగిలిన ఎండ తొట్లు అయిదింటిలోనూ ఇరవైకి ఇరవై. నల్లగుడ్డ తొట్లలో పద్దెనిమిది, పందొమ్మిది. నల్లగుడ్డవి మెల్లగా తగ్గుతాయని పిల్ల ముందే అనుకుంది. ఏడు ఎందుకు తగ్గుతోందో అర్థంకాక తొట్టి చుట్టూ నాలుగుసార్లు తిరిగింది. నీళ్ళ వేడి కొలిచింది, వాసన చూసింది. పిల్లి గానీ వచ్చిందా అమ్మమ్మా అని అడిగింది. రాలేదన్నాను. అది నిజం. పిల్లి రాలేదు.

మార్చి 17, సోమవారం

ఏడు: 13.

పలకలు రెండు కాదు, నాలుగు. ఉన్నవే నాలుగు.

మార్చి 18, మంగళవారం

తొట్టి లోపలి గోడలు కూడా.

మార్చి 20, గురువారం

ఏడు: 11. ఇవాళ రాయడానికి ఇంకేమీ లేదు.

మార్చి 22, శనివారం

సారు మళ్ళీ వచ్చి రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నారు. పిల్ల ఎదురుగా నిలబడింది, చేతులు ఊపకుండా. నల్లగుడ్డ తొట్లలో నత్తలు తగ్గాయి కాబట్టి పాచి లేకపోతే వాటికి కష్టమేనని ఆమె చెప్పింది. గుడ్డ కింద ఉక్కపోతకు తగ్గి ఉండవచ్చు కదా అని ఆయన అన్నారు. తర్వాత వేలు ఏడో వరుస మీద పెట్టారు.

"దీనికి ఎండ ఉంది, ఆకు ఉంది. అన్నిటికంటే ఎక్కువ తగ్గింది ఇందులోనే. పాచే తిండి అయితే ఇవి ఎందుకు పోయాయమ్మా?"

ఆమె దగ్గర జవాబు లేదు. జవాబు రెండు గజాల దూరంలో కుర్చీలో కూర్చుని వత్తులు చేసుకుంటున్నట్టు చీర కొంగు మెలిపెట్టుకుంటోంది.

ఆయన లేస్తూ, పాత దారిలోనే రాసెయ్యి, ఎవరూ ఏమీ అనుకోరు అని దయగా చెప్పారు. కోప్పడినా బాగుండేది.

మార్చి 23, ఆదివారం

పిల్ల పొద్దున్నుంచి రాసినదాన్ని కొట్టేస్తోంది. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే, ఆకలి లేదంది. నత్తలకు ఏం కావాలో తెలుసుకోవడానికి నాలుగేళ్ళు తిరిగిన పిల్ల తను తినడం మానేసింది.

అల్లుడు అన్నం కలుపుకుంటూ, ఎవరో ఒకరు ఆ తొట్టిలో చెయ్యి పెట్టి ఉంటారు, నా అనుమానం పక్కింటివాళ్ళ మీద అన్నాడు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. అప్పటికి ఇంకా సగం కూడా తినలేదు.

నేను చెబితే ఏమవుతుంది? ఏడో తొట్టిలో పాచి లేదు కాబట్టే నత్తలు పోయాయని తేలుతుంది. పిల్ల వాదం నిలబడుతుంది. మరో వైపు, ఒకటి దాచిన మనిషి మిగిలిన పదకొండింట్లో ఏం దాచిందోనని సారు అడుగుతారు. రిజిస్టరు మొత్తం చెత్తబుట్టలోకి పోతుంది. అందువల్ల చెప్పకపోవడమే పిల్లకు మంచిది.

పై పేరా మళ్ళీ చదివాను. నా విద్యార్థి ఎవరైనా ఇలాంటి జవాబు రాస్తే సున్నా వేసేదాన్ని.

మార్చి 24, సోమవారం

చెప్పాను. ఉదయం లెక్క అయ్యాక, రిజిస్టరు మూసి, నిలబడి చెప్పాను. అంచు, నాలుగు పలకలు, నాలుగు గోడలు. పదకొండో తేదీ సాయంత్రం అయిదు గంటలు. కారణం: అతిథి.

నేను తిట్లకు సిద్ధపడ్డాను. ఆమె ఒక్కసారిగా నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. నా మోకాళ్ళ సంగతి మరిచిపోయింది.

విషయం ఇది. ఏడో తొట్టికి ఎండా ఉంది, ఆకూ ఉంది, నల్లగుడ్డా లేదు, ఉక్కా లేదు. పోయింది పాచి ఒక్కటే, అది మళ్ళీ పట్టనూ లేదు. సారు లేవదీసిన అభ్యంతరానికి ఇంతకంటే మంచి జవాబు ఉండదట. తను ఇలాంటి తొట్టి ఒకటి పెట్టాలని ఆలోచించనే లేదట.

మార్చి 25, మంగళవారం

సారు వచ్చారు. విన్నారు. గడ్డం నిమురుకున్నారు. మూడో తొట్టీ తొమ్మిదో తొట్టీ స్వయంగా లెక్కపెట్టి నా అంకెలతో పోల్చుకున్నారు. సరిపోయాయి. చివరికి, నేను ఆలోచించుకోవాల్సిన విషయమే అన్నారు. ఆయన నోటి నుంచి ఆ మాట రావడం సూర్యుడు పడమట పొడిచినట్టని పిల్ల అంటోంది.

వెళ్ళేటప్పుడు, "అమ్మగారూ, మీ తప్పు ముగ్గురు పరిశోధకుల పని చేసింది" అని నాకు నమస్కారం పెట్టారు. తిరిగి పెట్టాను.

సాయంత్రం అమ్మాయి కూడా ఇంట్లోనే ఉంది. అందరూ నన్ను మధ్యలో కూర్చోబెట్టి ఆ కథ రెండుసార్లు చెప్పించుకున్నారు. రెండోసారి నేనే కాస్త రక్తి కట్టించాను.

మార్చి 26, బుధవారం

ఏడో తొట్టి తోమిన పీచు గిన్నెలు తోమేది.

మార్చి 27, గురువారం

గిన్నెల పీచు అంటే తడిగా ఉంటుంది. సబ్బు బిళ్ళ పక్కనే ఉంటుంది. ఆ రోజు నురగ వచ్చిందా? గుర్తులేదు.

వచ్చింది. తర్వాత రెండు చెంబుల నీళ్ళతో అంచు కడిగాను. ఆ నీళ్ళు తొట్టిలోకే పోయాయి.

నత్తలు పాచి లేక పోయాయో, సబ్బు తగిలి పోయాయో ఎవరు చెప్పగలరు? ఎవరూ చెప్పలేరు. అడిగేవాళ్ళు కూడా లేరు. పిల్ల కింది గదిలో కొట్టేసిన పేజీలన్నీ మళ్ళీ రాస్తూ ఏదో పాట కూనిరాగం తీస్తోంది. శ్రుతి లేదు. ఆపమనలేదు.

మార్చి 28, శుక్రవారం

వంటింట్లో చెప్పాను, పీచు చేతిలో పట్టుకుని.

"సబ్బా?" అంది.

"సబ్బు."

"ఎంత?"

"పీచులో ఉన్నంత. కొలవలేదు."

"నువ్వు. కొలవకుండా."

అంతకంటే పెద్ద తిట్టు నన్ను ఈ జన్మలో ఎవరూ తిట్టలేదు. ఆమె స్టూలు మీద కూర్చుంది. ఏడో తొట్టి ఇప్పుడు ఆమెకూ పనికిరాదు, సారుకూ పనికిరాదు. సారు అభ్యంతరం మళ్ళీ బతికొచ్చింది. గడువు ఇంకో వారం.

కొంతసేపటికి, "ఎందుకు చెప్పావు అమ్మమ్మా? ఎవరికీ తెలిసేది కాదు" అంది.

"రేపు పదిమంది ముందు నిలబడి అది చెప్పేది నువ్వు. నా అబద్ధం నేను మొయ్యగలను. తెలియకుండా నీ నెత్తిన పెట్టలేను."

లేచి వెళ్ళిపోయింది. గిన్నెలు అలాగే ఉన్నాయి. తోమాను, చాలాసేపు.

మార్చి 29, శనివారం

మాట్లాడలేదు. కాఫీ తాగింది.

మార్చి 30, ఆదివారం

మాట్లాడలేదు. రిజిస్టరు మేడ మీద లేదు. తన గదిలో పెట్టుకుంది. ఆరింటికి అలవాటు కొద్దీ పైకి వెళ్ళి, లెక్కపెట్టి, దేన్లో రాయాలో తెలియక దిగి వచ్చాను.

మార్చి 31, సోమవారం

సారుకు ఆమే ఫోను చేసి అంతా చెప్పింది. నేను గుమ్మం ఇవతల నిలబడ్డాను. ఆయన గొంతు వినబడలేదు. ఆమె చాలాసార్లు "సరే సార్" అంది. గడువు ఒక నెల పెంచారు. ఒక షరతు మీద: మళ్ళీ పెట్టు, ఈసారి సరిగ్గా. ఊరి పెద్దలకు జమ్ము నాటడం నెల ఆపమని కూడా రాస్తారట.

కొత్త తొట్లు ఆరు. అన్నీ ఎండలోనే. అన్నిట్లోనూ ఆకు, ఇరవేసి నత్తలు. వారం రోజుల ముందే నీళ్ళలో పెట్టి పాచి పట్టించిన పలకలు ఆమె దగ్గర ఎటూ ఉన్నాయి. మూడు తొట్లలో రోజు విడిచి రోజు పాచి తియ్యాలి. కొత్త పళ్ళబ్రష్షుతో, సబ్బు లేకుండా.

ఇదంతా నా మొహం చూడకుండా చెప్పింది. చివర్లో ఆ బ్రష్షు నా చేతిలో పెట్టింది.

"పాచి తియ్యడంలో నీకంటే అనుభవం ఉన్నవాళ్ళు ఈ ఇంట్లో లేరు కదా" అంది. నవ్వలేదు. కానీ అంది.

లెక్కకు మాత్రం ఇంకో మనిషి ఉండాలట. నా లెక్క పక్కన రెండో గడి, సాక్షి సంతకం. సారు అడిగారా అంటే, లేదు, నేనే పెట్టాను అంది. గుచ్చుకుంది. గుచ్చుకోవాల్సిందే.

సాక్షి ఎవరయ్యా అంటే అల్లుడు.

ఏప్రిల్ 1, మంగళవారం

మొదటి రోజు. ఒకటి, రెండు, మూడు తొట్లలో పాచి తీశాను. నాలుగు, అయిదు, ఆరింటిలో తీస్తున్నట్టు నటించాను. ఇది కూడా నియమమే. బ్రష్షు నీళ్ళలో అంతసేపూ ఆడించాలి, పలకకు తగలకూడదు. లేకపోతే చెయ్యి పెట్టినందుకే నత్తలు బెదిరి పోయాయని సారు అంటారు. డెబ్భై రెండేళ్ళ వయసులో పని చేస్తున్నట్టు నటించడం నేర్చుకుంటున్నాను. అల్లుడు, మా డిపో ఆఫీసులో అందరికీ వచ్చు, కావాలంటే నేర్పిస్తా అన్నాడు.

లెక్క: నాది నూట ఇరవై. అతనిది నూట ఇరవై.

ఏప్రిల్ 8, మంగళవారం

తోమిన తొట్లు: 19, 19, 20. తోమనివి: 20, 20, 20.

తోమిన తొట్లలో నత్తలు గోడ ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కుతున్నాయి. ఆకు పక్కనే కుప్పగా ఉంది. కాస్త కొరుకుతాయి, వదిలేస్తాయి. ఇలా వెతుక్కోవడం చూస్తుంటే బ్రష్షు పట్టుకున్న చేతికి బాధగా ఉంది. పిల్లకు చెప్పాను. "నాకూ అలాగే ఉంటుంది అమ్మమ్మా. ఇంకో మూడు వారాలు. తర్వాత అన్నిటినీ చిత్తడిలో వదిలేద్దాం" అంది. పది రోజుల తర్వాత మా ఇద్దరి మధ్య వచ్చిన మొదటి పెద్ద మాట.

ఏప్రిల్ 16, బుధవారం

తోమినవి: 17, 16, 17. తోమనివి: 20, 20, 19.

సారు ఇప్పుడు పిల్లను వదిలేసి నేరుగా నాకే ఫోను చేస్తున్నారు. "అమ్మగారూ, ఇవాళ్టి రెండో తొట్టి?" అంటారు. క్రికెట్ స్కోరు అడిగినట్టు. ఆయన పక్షం ఓడిపోతోందని ఆయనకూ తెలుసు. అయినా రోజూ అడుగుతున్నారు. ఆ ఒక్క గుణానికి గడ్డం మాఫీ.

ఏప్రిల్ 23, బుధవారం

అల్లుడికి పొద్దున షిఫ్టు పడింది. సాక్షి సంతకం కోసం అయిదింటికే నన్ను లేపాడు. ఇంతకాలం ఈ ఇంట్లో అందరినీ లేపింది నేను.

ఏప్రిల్ 29, మంగళవారం

చివరి లెక్క. సారు వచ్చారు. పిల్ల రిజిస్టరు తెరిచి పట్టుకుంది. నియమం ప్రకారం ముందు నేను, తర్వాత అల్లుడు. మధ్యలో ఎవరూ నోరు మెదపకూడదు.

ఒకటో తొట్టి: నాది 13, అతనిది 13.

రెండో తొట్టి: నాది 11.

అల్లుడు వంగి చూశాడు. మళ్ళీ చూశాడు. అప్పటికే డ్యూటీకి ఆలస్యమైంది, యూనిఫాం వేసుకుని ఉన్నాడు, టిక్కెట్ల సంచి కూడా భుజానే ఉంది.

"పన్నెండు" అన్నాడు.

పదకొండన్నాను. నియమం తప్పి, పైకే అన్నాను. పదకొండయితే పిల్లకు ఒక నత్తంత మేలు కూడా.

"పన్నెండే అత్తయ్యగారూ. ఒకటి సీటు కింద ఉంది."

జమ్ము ఆకు కట్టను పక్కకు జరిపాను. దాని కింద, తొట్టి మూలకు అంటుకుని ఉంది, బతికే ఉంది. రోజూ చూసే చోటే. నాకు కనబడలేదు.

మిగిలినవి పూర్తిచేశాం. మూడు: 14. నాలుగు, అయిదు, ఆరు: 20, 19, 20. సారు పాత కాగితం మడిచినంత నెమ్మదిగా కళ్ళజోడు మడిచి జేబులో పెట్టుకున్నారు. "పాచే. రాసుకో. జమ్ము సంగతి ఊరివాళ్ళకు ఇవాళే నేను రాస్తాను. తప్పు నాదని కూడా రాస్తాను" అన్నారు. పిల్ల ఏడుస్తూ చేతులు ఊపుతోంది.

అప్పుడు రిజిస్టరు నా చేతికి వచ్చింది. రెండో తొట్టి గడిలో పదకొండు కొట్టేసి, పైన పన్నెండు వేసి, పక్కన సంతకం చేశాను. దాని కింద అల్లుడు చేశాడు, నాకంటే పెద్ద అక్షరాలతో.